పైనుంచి పోసే నీళ్లు

నేను పని మానుకున్న రోజు నిజామాబాదు మిషన్ గుడిలో నాకు శాలువా కప్పారు. ఒక పెద్దమనిషి లేచి, రూతమ్మగారు ప్రేమమూర్తి, ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు అని చెప్పాడు. పాపం, ఆయన నన్ను ఎరగడు. నేను పనిచేసినన్నాళ్లూ కోపంతోనే పనిచేశాను. పొద్దున్నే నన్ను లేపి ఊళ్లమీదికి నడిపించింది చాలాసార్లు కోపమే. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి, చూపు మందగించింది, కోపం మాత్రం ఉన్నచోటే ఉంది.

శిక్షణ పాఠశాలలో కొత్తగా చేరిన ఆడపిల్లలు మొన్న నా దగ్గరికి వచ్చారు. "అవ్వా, ఈ పనిల అన్నిటికంటే కష్టమేంది? ఎండల నడుసుడా, మంది తిట్టుడా?" అని అడిగారు. రెండూ కావన్నాను. మరేమిటో నోటితో చెబితే సరిపోదు, అందుకని రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ మిషన్ దొరసాని నన్ను ఎలా మెచ్చుకుంది అనేవి ఇందులో ఉండవు. వాటితో మీకు పనిలేదు.

పని అంటే ఏమిటి

నేను మాల ఇంట పుట్టాను. పెనిమిటి ప్లేగులో పోయాడు, పిల్లలు లేరు. మిషన్ వాళ్లు నాకు చదువు చెప్పించి బైబిలు స్త్రీగా పెట్టుకున్నారు. ఊళ్లలో బైబిలమ్మ అనేవాళ్లు. ఎడపల్లి నుంచి బోధన్ దాకా ఉన్న పల్లెలు నాకు అప్పగించారు. నిజాంసాగర్ కాలువ కొత్తగా పారుతున్న కాలం. జొన్న చేలు పోయి చెరకు తోటలు లేస్తున్నాయి, ఎక్కడ చూసినా పటేళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి.

ఆడవాళ్లను పోగుచేసి పాట నేర్పడం, కథ చెప్పడం, అక్షరాలు దిద్దించడం, కళ్లకలకకు మందు వేయడం, అత్తాకోడళ్ల పంచాయితీలు తీర్చడం, ఇవీ నా పనులు. మనుషుల్ని నమ్మించడం కష్టమని మీకు పాఠశాలలో చెబుతారు. అది ఉత్తమాట. కూలికి పోయి, తన్నులు తిని, తలవంచుకుని ఇంటికొచ్చిన మనిషికి, నిన్ను ప్రేమించేవాడు ఒకడున్నాడని చెబితే ఎందుకు నమ్మడు? ఎదురుచూస్తున్నట్టే నమ్ముతాడు. నమ్మినవాళ్లు ఆ మర్నాడు పక్కింటివాడితో ఎలా ఉంటారన్నదే మన అసలు పని. ఆ పని మీకు ఎవరూ నేర్పరు, ఎందుకంటే నేర్పేవాళ్లు కూడా అక్కడే ఓడిపోయారు.

కొండమీద ఏసు చెప్పిన మాటలు పిల్లలచేత అప్పచెప్పించి బహుమానాలు పంచిన సభలు నేను బోలెడు చూశాను. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించే సంగతి అటుంచండి, దాహమన్నవాడి చేతికి చేదతాడు ఇవ్వలేని సంఘాన్ని కూడా చూశాను. ఆ ఒక్క సంగతే చెబుతాను.

ఆ ఊళ్లో రెండు వాడలు

ఊరి పేరు రాయను. ఆ మనుషుల మనవలు అక్కడే బతుకుతున్నారు.

మాలవాడ మొత్తం నేను అక్కడ మకాం పెట్టకముందే బాప్తిస్మం తీసుకుంది. వాళ్లకు సంఘపెద్ద సామేలు. నా పెనిమిటి తరపున నాకు బావ వరుస. మంచి గొంతు, ప్రార్థన మొదలుపెడితే ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకునేవాళ్లు. కాళ్లకు చెప్పులేసుకుని గడీ ముందునుంచి నడిచాడని పటేలు ఒకసారి అతణ్ణి చెట్టుకు కట్టి కొట్టించాడు. ఆ దెబ్బల మచ్చలు వీపుమీద ఉండేవి. కలరా వచ్చిన ఏడాది ఎవరూ ముట్టని శవాలను అతనే మోసి పూడ్చాడు. సామేలు బావ చెడ్డవాడని మీరు అనుకుంటే నేను చెప్పేది మీకు అర్థం కానట్టే. అతను మంచివాడు. నా కోపమంతా అందుకే.

మాలవాడ నడుమ ఒక బావి ఉంది. మిషన్ సాయంతో తవ్వింది. రాతి ఒరలు, పైన గిరక. మొదటి నీళ్లు పడిన రోజు అయ్యగారు, అంటే పాదిరిగారు, వచ్చి ప్రార్థన చేసి, ఇది క్రీస్తు పేరుమీది బావి అని అన్నాడు.

ఆ తర్వాత కొంతకాలానికి మాదిగవాడలో పోశయ్య, అతని ముగ్గురు తమ్ముళ్ల కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి. పోశయ్యకు పౌలు అని, అతని భార్య లచ్చవ్వకు లూదియా అని పేర్లు పెట్టారు. ఆ పేర్లు గుడి గడప దాటి బయటికి రాలేదు. ఆదివారం వాళ్లూ గుడికి వచ్చేవాళ్లు. వెనకవైపు, గోడవార వేరే చాప. ఎవరూ అక్కడ కూర్చోమని చెప్పలేదు, వాళ్లే కూర్చున్నారు, ముందుకు రమ్మని కూడా ఎవరూ అనలేదు. నేను ఒకసారి లచ్చవ్వ చేయిపట్టి ముందుకు తెచ్చి నా పక్కన కూర్చోబెట్టుకుంటే, సామేలు బావ భార్య లేచి చాప దులుపుకుని ఇంకోచోటికి పోయింది.

డప్పు

పోశయ్య డప్పు కొడితే పక్క ఊళ్లవాళ్లు వచ్చి వినేవాళ్లు. డప్పుకు, తోలు పనికి ఊరు అతనికి కళ్లంలో వాటా ఇచ్చేది. పటేలు మోటబావి దగ్గర జీతగాడు నీళ్లు పోస్తే మాదిగవాడ పట్టుకునేది. అతని బతుకంతా ఆ డప్పుకు కట్టి ఉంది.

మా అయ్యగారు నిజామాబాదు నుంచి మూణ్నెల్లకోసారి వచ్చేవాడు. చదువుకున్నవాడు, కోస్తా జిల్లాల మనిషి, మాట మెత్తన. ఆయన పోశయ్యను పిలిచి, "పౌలూ, విగ్రహాల ముందు డప్పు కొట్టే చేతులతో ప్రభువు బల్లను ముట్టకూడదు. మానెయ్యి" అన్నాడు.

"పోశమ్మ పండుగకు కొట్ట అయ్యగారు. పెండ్లిండ్లకు, సావులకు కొట్టుకుంట" అన్నాడు పోశయ్య.

"అన్నీ ఒకటే. పూర్తిగా మానాలి."

 పోశయ్య ఇంటికి పోయి డప్పును దూలానికి తగిలించాడు. ఇక ముట్టలేదు.

అదే పోశమ్మ పండుగకు పటేలు చెబితే సామేలు బావ పందిరి వేశాడు, మేకపోతును తాడుపట్టి నడిపించుకు వచ్చాడు. అదేమిటని నేను అయ్యగారిని అడిగాను. "అది అతని కొలువు కదమ్మా, యజమాని చెప్పిన పని" అన్నాడు. మాల చేస్తే కొలువు, మాదిగ చేస్తే పాపం. ఇంత తేటగా కనబడుతున్నదాన్ని చదువుకున్న మనిషి ఎలా చూడలేకపోయాడో నాకు ఇవాళ్టికీ తెలియదు. మీరు కూడా శిక్షణలో పాపాల గురించి పొడవైన పాఠాలు వింటారు. ఏ పాపానికి ఎవరిని శిక్షిస్తున్నారో ఒక కన్నేసి ఉంచండి.

డప్పు మానినందుకు పటేలు ఊరుకుంటాడా? కళ్లంలో వాటా ఆగిపోయింది. మోటబావి దగ్గరికి లచ్చవ్వ కడవతో పోతే జీతగాడు తరిమాడు. పోశయ్య, అతని తమ్ముళ్ల ఇళ్లకు ఊళ్లో నీటి చుక్క లేకుండా పోయింది. వాడలో మిగతావాళ్లు ఇస్తే వాళ్లకూ బందేనని పటేలు చాటించాడు.

ఎండాకాలం మొదలవుతోంది. లచ్చవ్వ కడుపుతో ఉంది.

బావి గట్టు

క్రీస్తు పేరుమీద తవ్విన బావి ఉంది కదా అని మీరు అంటారు. నేనూ అలాగే అన్నాను.

లచ్చవ్వా, ఆమె తోడికోడళ్లూ మాలవాడకు వచ్చి బావికి దూరంగా నిలబడేవాళ్లు. చేద ముట్టకూడదు, గట్టు ఎక్కకూడదు. ఎవరో ఒక మాల ఆడమనిషికి దయ కలిగితే తోడి, పైనుంచి వాళ్ల కడవలో పోయాలి. బొక్కెన కడవకు తగలకూడదు, అందుకని ఎత్తునుంచి పోస్తారు, సగం నేలపాలు అవుతుంది. ఎవరికీ దయ కలగకపోతే నిలబడి ఉండాల్సిందే. ఆ తోలు బొక్కెన కుట్టింది పోశయ్య. అతను కుట్టిన తోలు ఆ బావిలో మునగవచ్చు, అతని భార్య చేయి దానిమీద పడకూడదు. దీనికి ఏ శాస్త్రం ఒప్పుకుంటుందో నన్ను అడగకండి.

ఆ వారమే ఆడవాళ్లకు సమరయ స్త్రీ కథ చెప్పాను. ఏసు బావి దగ్గర కూర్చుని, అంటరానిదని అందరూ దూరం పెట్టిన ఆడమనిషిని దాహానికి నీళ్లు అడిగిన కథ. ముందు చాపల మీద వాళ్లందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. లచ్చవ్వ ఏడవలేదు. అందరూ పోయాక నా దగ్గరికి వచ్చింది.

"గా సమరయామె నయం అక్క. ఆమె చేతిల చేద ఉన్నది. నీళ్లు ఇయ్యనన్నా అనగల్గింది. నా చేతిల ఉత్త కడవనే" అంది.

ఆ కథను నేను ఎన్ని వందలసార్లు చెప్పానో, దాన్ని నాకు ఆ రోజు ఆమె చెప్పింది. నేను సామేలు బావ దగ్గరికి పోయాను. అతను వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"బావా, లచ్చవ్వ చేతికి చేద ఇయ్యుండ్రి. ఆమెనే తోడుకుంటది."

"ఎట్ల ఇస్తం రూతమ్మా? తోడి పోస్తనే ఉన్నం గద."

"ఎంతసేపు నిలబెట్టి పోస్తున్నరో నేను సూస్తనే ఉన్న. కడుపుతోని ఉన్న పిల్ల."

అతను తాడు పక్కన పెట్టాడు. "నేను ఒక మాట సెప్త, కోపం జెయ్యకు. మేం క్రీస్తును నమ్మినం గని కులం ఇడిసిపెట్టలే. గాల్లు చేద ముట్టినంక మా బిడ్డలకు సంబంధాలు ఏడికెల్లి వస్తయి? ఇంగ పటేలుకు తెలిస్తె మా మీద కూడ పడ్తడు. నా వీపు నువ్వు సూడలేదా?"

"సూసిన. గా వీపు మీద దెబ్బలు పడ్డప్పుడు నిన్ను ఎట్ల సూసిండ్రో, ఇప్పుడు నువ్వు ఆమెను గట్లనే సూస్తున్నవు."

సామేలు బావ మొహం నల్లబడింది. ఆ సాయంత్రం వాడలో కూర్చుని ఒక మాట అనుకున్నారట. బావిలో నీళ్లు అడుగంటుతున్నాయి కాబట్టి ఇకమీద బయటివాళ్లకు పోయడం లేదని. నేను పోయి చూశాను. బావిలో నీళ్లు బాగానే ఉన్నాయి. సాటి విశ్వాసులు ఒక్కపూటలో బయటివాళ్లు అయిపోయారు, అంతే.

నేను నా వాటాగా తోడిన నీళ్లు వాళ్లకు ఇస్తూ వచ్చాను. నాలుగు ఇళ్లకు ఒక్క మనిషి తోడితే ఎంత సరిపోతుంది? పైగా నేను ఊళ్లు తిరిగేదాన్ని. నేను లేని రోజుల్లో లచ్చవ్వ మంజీరకు పోయి, ఇసుకలో చెలిమె తీసి, కడవ నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి వచ్చేది. నెలలు నిండుతున్నాయి. ఒకరోజు దారిలో కళ్లు తిరిగి పడిపోయింది. కడవ పగిలింది.

ఆ మర్నాడు పోశయ్య దూలానికి ఉన్న డప్పు దించాడు. పటేలు ఇంట్లో పెళ్లి. పోయి కొట్టాడు. మోటబావి నీళ్లు మళ్లీ వచ్చాయి.

వెలి

అయ్యగారు వచ్చేసరికి సామేలు బావ ఫిర్యాదు సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. పౌలు మాట తప్పి డప్పు ముట్టాడు, అతణ్ణి ప్రభురాత్రి భోజనానికి, అంటే ఏసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్లకు, దూరం పెట్టాలి అన్నారు. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను లేచాను. ఆడవాళ్లు సంఘంలో మాట్లాడటం అలవాటు లేదు, అయినా లేచాను.

"అయ్యగారు, ఆయనను డప్పు ఇడిపెట్టమన్నది మనం. ఇడిసినందుకు నీళ్లు బందయినయి. మన బావి కాడికి వస్తె మనం కూడ బందు పెట్టినం. ఇప్పుడు డప్పు ముట్టిండని వెలి ఏస్తున్నరు. నీళ్లు బందు పెట్టినోళ్లకు ఏం శిక్ష?"

అయ్యగారు నావైపు చూడకుండా అన్నాడు. "రూతమ్మగారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. కులం తరతరాలనుంచి వస్తున్న జబ్బు. నెమ్మదిగా మాన్పుకోవాలి. తొందరపడితే సంఘం చీలిపోతుంది."

నెమ్మదిగా అనే ఆ మాటను నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ విన్నాను. ఎప్పుడూ నీళ్లున్నవాళ్లే అన్నారు. దప్పిక అయినవాడి నోట ఒక్కసారి కూడా వినలేదు. పోశయ్యను వెలివేయడానికి మాత్రం నెమ్మది అక్కర్లేకపోయింది, అదే పూట అయిపోయింది.

 పోశయ్య చేతులు కట్టుకుని విన్నాడు, బయటికి పోయి గుమ్మం పక్కన నిలబడ్డాడు. లచ్చవ్వ లోపలే కూర్చుని ఉంది. ఆమె పేరు ఎవరూ తీయలేదు కాబట్టి ఆమెకు వెలి లేదు. వెలి ఎందుకు లేదో కూడా ఆమెకు తెలుసు, ఆమె మాట ఎవరి లెక్కలోనూ లేదు.

ఈసారి మూణ్నెల్లు ఆగకుండా వచ్చే నెలే వచ్చి ప్రభురాత్రి భోజనం ఇస్తానని చెప్పి అయ్యగారు బండెక్కాడు.

కిస్మిస్ రసం

మీకు ఇప్పుడు పట్నంనుంచి సీసాలు వస్తున్నాయి. ఆ రోజుల్లో పల్లెలో ద్రాక్షరసం ఎక్కడిది? బోధన్ బజారులో మరాఠీ సేటు దుకాణం నుంచి కిస్మిస్ తెచ్చి, కడిగి నానబెట్టి, ఆ నీళ్లలోనే మరగబెట్టి, గుడ్డతో వడగట్టేవాళ్లం. ఆ పని బైబిలమ్మది. ఏళ్లతరబడి నేనే చేశాను. ఎప్పుడూ మాలవాడ బావి నీళ్లతోనే చేశాను.

ఈసారి లచ్చవ్వ దగ్గరికి పోయాను. "నాకు ఒక చెంబెడు నీళ్లు ఇయ్యి. భోజనం రసానికి" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "గొడవైతది అక్క."

"అయితది. దొంగతనంగ కలప. అందరి ముందట సెప్పే తాగమంట. నీకు ఇష్టం లేకుంటె ఇయ్యకు. మాటలు పడేది నువ్వు కూడ."

లచ్చవ్వ చెంబు, చిప్ప చేతిలోకి తీసుకుంది. "మోటబావివి ఇయ్య. గవి డప్పు నీళ్లు" అంది. నిండు నెలలతో, నేను వద్దంటున్నా వినకుండా, మంజీర చెలిమె దాకా నడిచింది. నేనూ పక్కనే నడిచాను. చిప్పతో తేరిన నీళ్లు ముంచి చెంబులో పోసింది. "ఇగ తాగుతరో లేదో నేను కూడ సూస్త" అంది.

ఆదివారం గుడి నిండింది. అయ్యగారు రొట్టె విరిచి ప్రార్థన చేశాడు. గిన్నె చేతిలోకి తీసుకునే ముందు నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారు, ఒక్క మాట. ఈ రసం నేను కాసిన. నీళ్లు లచ్చవ్వ చెలిమె తీసి తన చేతులతోని ముంచి ఇచ్చింది. తెల్వకుంట ఎవరూ తాగొద్దని సెప్తున్న. ఆయన సమరయామె చేతి నీళ్లు అడిగిండు. మనం ఆయన పేరుమీద తాగుతున్నం."

 సామేలు బావ మొదటి వరసలో మోకాళ్లమీద ఉన్నాడు. గిన్నె మొదట అతనికే రావాలి. అతని దవడలు బిగుసుకోవడం నాకు కనబడుతోంది. నేను అతని ఒక్కడి కోసమే చూస్తున్నాను. అతను తాగితే వాడ మొత్తం తాగుతుంది. శవాలు మోసిన మనిషి, వీపంతా మచ్చలున్న మనిషి, ఇదొక్కటి చేస్తాడనే నా ఆశ.

అతను లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. భార్య పోయింది. ఒకరి వెనక ఒకరు, వాడ సగం లేచింది. మిగతా సగం అయ్యగారి వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇక్కడే చెబుతున్నాను, జాగ్రత్తగా చదవండి. సామేలు బావ మీద నాకున్న కోపం పెద్దది, కానీ అతనికి కనీసం తన భయాలు ఉన్నాయి. పటేలు భయం, పిల్లల సంబంధాల భయం. అయ్యగారికి ఏమున్నాయి? ఆయన ఆ ఊరివాడు కాదు. ఆయన వీపున దెబ్బల్లేవు. గిన్నె ఆయన చేతిలోనే ఉంది. ఎవరు తాగినా తాగకపోయినా, ఆయన పెదవికి తాకిస్తే చాలు, మిగిలినవాళ్లు తాగి ఉండేవాళ్లు. లచ్చవ్వ వెనక చాపమీద కూర్చుని అది చూసి ఉండేది.

ఆయన గిన్నెను బల్లమీద పెట్టాడు. తెల్లగుడ్డ తీసి దానిమీద కప్పాడు. "సంఘంలో శాంతి సమాధానాలు లేవు కాబట్టి ఈ దినం భోజనం వాయిదా వేస్తున్నాను" అన్నాడు.

ఇంతకాలమైంది, ఆ గుడ్డ కప్పిన చేయి నా కళ్లముందు అలాగే ఉంది. దాన్ని నేను క్షమించలేదు. క్షమించాలని నాకూ తెలుసు, మీకు క్షమాపణ గురించి పాఠం చెప్పేదాన్ని నేనే. చేతకాలేదు.

గుమ్మం పక్కన నిలబడి ఉన్న పోశయ్య లోపలికి వచ్చాడు. వెలి ఉన్నవాడు లోపలికి రాకూడదు, అయినా వచ్చాడు. గొంతు పెంచలేదు.

"అయ్యగారు, మీరు డప్పు ఇడిపెట్టుమంటె ఇడిపెట్టిన. ఆళ్లను గిన్ని నీళ్లు తాగుమని ఒక్క మాట అనలేకపోయిండ్రు" అన్నాడు. భార్యను లేపి, చేయి ఆసరా ఇచ్చి తీసుకుపోయాడు.

ఆ వారంలోనే ఆ నాలుగు ఇళ్లు ఊరు వదిలేశాయి. బోధన్ దగ్గర చక్కెర కార్ఖానా కడుతున్నారు, కూలీలు కావాలి అని చాటింపు వేస్తున్న రోజులు. పోతూ పోతూ పోశయ్య డప్పును పటేలు గడీ అరుగుమీద పెట్టేసి పోయాడని విన్నాను.

నిజామాబాదు పిలుపు

మిషన్ వ్యవహారాలు చూసే తెల్ల దొరసాని నన్ను పిలిపించింది. నా పైఅధికారుల్లో ఆమే నయం, అది కూడా చెప్పాలి. కుష్ఠురోగుల పుళ్లు తన చేత్తో కడిగేది. ఆ చేతులంటే నాకు గౌరవం.

"రూతమ్మా, నువ్వు చెప్పింది నిజమే. కానీ పవిత్రమైన భోజనాన్ని తగవుకు వాడుకున్నావు. సంఘపెద్దను క్షమాపణ అడుగు. అడిగితే అక్కడే ఉంచుతాను" అంది.

"నిజమే అయితె క్షమాపణ దేనికమ్మా?"

"శాంతి కోసం."

"ఆ నాలుగిళ్లోళ్లు ఊరు ఇడిసిపోయిండ్రు. ఇంగ శాంతిగనే ఉంటదమ్మా ఆడ. నేను అడగవలసిన పనేమున్నది?"

 నన్ను ఏర్గట్ల వైపు పసుపు పండే ఊళ్లకు మార్చారు. పని ఊడబీకనందుకు సంతోషించమని తోటివాళ్లు చెప్పారు. కొత్తగా చేరుతున్న మీకు ఈ సంగతి దాచను. నిజం చెబితే బహుమానం ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్త ఊరు, కొత్త ఎండ ఉంటాయి. అయినా చెప్పండి. వెళ్లిన ఊళ్లో పాట నేర్పేముందు, అక్కడి విశ్వాసులు నీళ్లు ఎక్కడ తోడుకుంటున్నారో, ఎవరు తోడుతున్నారో, ఎవరు దూరంగా నిలబడ్డారో చూడండి. ఆ ఊరి సంఘం గురించి మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

కార్ఖానా దగ్గర

ఏర్గట్ల పోయే ముందు నేను బోధన్ పోయి లచ్చవ్వను వెతికాను. కార్ఖానా గోడలు సగం లేచాయి. చుట్టూ గుడిసెలు. ఎక్కడెక్కడి మనుషులో, మరాఠీ మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, మనవాళ్లు, అందరూ ఇటుకలు, సున్నం మోస్తున్నారు. గుడిసెల మధ్య ఒక ఇనుప తొట్టి, దానికి నల్లాలు. ఆడవాళ్లు కడవలు ఆనించి పెట్టుకుని నిలబడ్డారు. ముందు వచ్చినవాళ్లు ముందు పట్టుకుంటున్నారు. ఎవరి కడవ ఎవరి కడవకు తగిలిందో ఎవరూ చూడటం లేదు.

లచ్చవ్వ ఆ నల్లా కింద పిల్లకు నీళ్లు పోస్తోంది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల కెవ్వుమంటుంటే నవ్వుతూ ఇంకాస్త పోసింది. నీళ్లను ఆమె అలా దండిగా వాడటం నేను అంతకుముందు చూడలేదు. చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. ఇటుకలు పేర్చేవాళ్లు పెట్టిన ఇనుప నల్లా పాటి దయ, క్రీస్తు పేరుమీద తవ్విన బావికి లేకపోయింది.

"అక్క, వచ్చినవా. తాగు, సల్లగున్నయి" అంది. చెంబు నింపి ఇచ్చింది. నేను ఎత్తి తాగకుండా, పెదవి ఆనించి తాగాను. ఆమె అది చూసింది.

పోశయ్య పనిలో ఉన్నాడు. రాత్రిళ్లు కూలీలు దరువు వేయమని అడుగుతారట, డప్పు లేదని చెబుతాడట.

"పిల్లకు పేరు పెట్టినవా?" అన్నాను.

"పెట్టిన. రూతు."

నేను పిల్ల తల నిమిరాను. తర్వాత, ఈ పనిలో ఉన్నవాళ్లం అడిగే మాటే అడిగాను. "ప్రార్థన చేసుకుంటున్నరా?"

"చేసుకుంటనే ఉన్న. పొద్దుగాల, పొద్దుమూకంగ. ఆయనతోని నాకేం పంచాది లేదక్క. ఆయన నా చేతి నీళ్లు తాగుతడు, నాకు తెలుసు." పిల్లను తుడిచి కొంగులో చుట్టింది. "గుడికి మాత్రం రమ్మని అనకు."

బోధన్‌లో కూడా మాకు గుడి ఉంది. ఆ నల్లా దగ్గరనుంచి చూస్తే దాని కప్పు కనబడేది. మనుషుల్ని అక్కడికి పిలవడమే నా ఉద్యోగం. అందుకే నాకు జీతం ఇచ్చారు, అందుకే శాలువా కప్పారు.

ఆ రోజు నేను ఆమెను పిలవలేదు.